పలు జట్ల ఆటగాడు: విజ్జీ జట్టు నుంచి వేలంపాట దాకా

ఒకే జట్టుకు కట్టుబడకుండా పిలిచిన చోటికల్లా వెళ్ళి ఆడి, ఆడినన్నాళ్ళలో సగం బెంచి మీదే గడిపి, అయినా పది పదిహేనేళ్ళ పాటు ఆట మీదే బతికే వృత్తి ఆటగాళ్ళు ప్రతి క్రీడలోనూ ఉంటారు. వాళ్ళు అనామకులు కారు. పేరు చెబితే ఆట చూసేవాళ్ళు గుర్తుపడతారు, గోడల మీద పోస్టర్లు మాత్రం వాళ్ళవి పడవు. ఈ రకం ఆటజీవితానికి ప్రపంచంలో బాగా తెలిసిన ఉదాహరణ అమెరికన్ ఫుట్‌బాల్‌లోని క్వార్టర్‌బ్యాక్. తెలుగునాట అతని జోడు వెతకాలంటే క్రికెట్‌లో, అందులోనూ వికెట్ల వెనక వెతకాలి. ఆ కథకు తొలి అధ్యాయం విజయనగరం పూసపాటివారి ఇంట మొదలైంది.

అమెరికన్ ఫుట్‌బాల్ మనకు పరిచయం తక్కువ. 2012లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా పేరుతో ఆ ఆటను ఇక్కడ నాటాలని చూశారు. హైదరాబాద్ స్కైకింగ్స్ అనే జట్టు కూడా పుట్టింది. అది వేళ్ళూనలేదు. ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అంటే దాడికి నాయకుడు: ఎత్తుగడ పిలిచేది అతనే, బంతి అందుకుని ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చేదీ అతనే. మైదానంలో పదకొండు మంది ఉన్నా ఆ చోటు మాత్రం ఒక్కరిదే. మొదటివాడికి గాయమైతే తప్ప రెండోవాడికి పని ఉండదు. దాంతో దేశంలో ముప్ఫయ్యో నలభయ్యో స్థానంలో ఉన్న క్వార్టర్‌బ్యాక్ ఏటా ఏదో ఒక ఊళ్ళో ఖాళీ కోసం చూస్తూ ఉంటాడు.

ర్యాన్ ఫిట్జ్‌ప్యాట్రిక్ వాళ్ళందరిలో పేరు మోసినవాడు. హార్వర్డ్‌లో చదివాడు. జట్లు కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2005లో, 250వ వాడిగా, దాదాపు చివరి వరసలో, సెయింట్ లూయిస్ రామ్స్‌కు ఎంపికయ్యాడు. పదిహేడు సీజన్లలో తొమ్మిది జట్లకు ఆడాడు, తొమ్మిదింటికీ మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా బరిలోకి దిగాడు. 2014లో హ్యూస్టన్ జట్టు తరఫున ఒకే మ్యాచ్‌లో ఆరు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. ఇంత చేసీ ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడకుండానే 2022లో రిటైరయ్యాడు. జోష్ జాన్సన్ అనే మరొకతను ఏకంగా పద్నాలుగు జట్లు తిరిగి రికార్డు పెట్టాడు. అమెరికాలో ఇలాంటివాళ్ళను చూసి నవ్వుతారు, ప్రేమిస్తారు కూడా. క్రికెట్‌లో ఆ రెండో భాగం మనం ఇంకా నేర్చుకోవాలి.

క్రికెట్‌లో సరిగ్గా ఇలాంటి ఒంటి చోటు వికెట్‌కీపర్‌ది. ఆరో బ్యాట్స్‌మన్ రాణించకపోతే ఐదోవాణ్ణి కిందికి దింపి సర్దుకోవచ్చు. ముగ్గురు స్పిన్నర్లున్నా పిచ్ చూసి ఇద్దర్ని ఆడించవచ్చు. కీపింగ్ గ్లవ్స్ మాత్రం ఒకటే జత. నయన్ మోంగియా తర్వాత, ధోనీకి ముందు, భారత జట్టు ఎంతమందిని ప్రయత్నించిందో చూడండి: ఎమ్మెస్కే ప్రసాద్, సబా కరీం, విజయ్ దహియా, సమీర్ దిఘే, దీప్ దాస్‌గుప్తా, అజయ్ రాత్రా, పార్థివ్ పటేల్, దినేశ్ కార్తీక్. ఈ వరసలో మొదటి పేరు మన గుంటూరుది. ప్రసాద్ ఆరు టెస్టులు, పదిహేడు వన్డేలు ఆడాడు. తర్వాత 2016 నుంచి 2020 వరకు సెలెక్టర్ల బృందానికి అధ్యక్షుడిగా ఇతరుల జాతకాలు రాశాడు. కార్తీక్ ఐపీఎల్‌లో ఆరు జట్లకు ఆడాడు. పార్థివ్ కూడా తక్కువేం తిరగలేదు.

బెనారస్‌లో విజయనగరం జట్టు

ఆటగాణ్ణి జీతమిచ్చి, బహుమతులిచ్చి, దూరం నుంచి రప్పించే పద్ధతి మన దేశంలో సంస్థానాలతో పెరిగింది. పటియాలా, హోల్కర్, నవానగర్, బరోడా, అన్నీ ఆ పని చేశాయి. వాటన్నిటిలో విజయనగరం ముచ్చట వేరు. ఎందుకంటే ఇక్కడ జట్టు పెట్టినవాడు రాజు కాదు, రాజుగారి రెండో కొడుకు. ఆ జట్టు ఆడిందీ విజయనగరంలో కాదు.

1905 డిసెంబరు 28న పుట్టిన పూసపాటి విజయానంద గజపతిరాజు, లోకానికి విజ్జీ. తండ్రి విజయరామ గజపతిరాజు 1922లో పోయారు. గద్దె అన్నగారు అలక నారాయణ గజపతికి వెళ్ళింది. తమ్ముడు కుటుంబానికి కాశీలో ఉన్న ఎస్టేటుకు వెళ్ళి స్థిరపడ్డాడు. అజ్మీర్ మేయో కాలేజీలోనూ, ఇంగ్లండులోని హేలీబరీలోనూ చదివిన మనిషి. ఆట పిచ్చి అక్కడ పట్టుకుంది. 1926లో కాశీలోని మహలు ఆవరణలోనే క్రికెట్ మైదానం కట్టించి, సొంత జట్టు పెట్టి, దేశంలోంచీ బయటినుంచీ ఆటగాళ్ళను సమకూర్చుకోసాగాడు.

1930-31 చలికాలంలో ఇంగ్లండు ఎంసీసీ జట్టు మన దేశానికి రావలసి ఉంది. శాసనోల్లంఘన ఉద్యమం ఉధృతంగా ఉండటంతో ఆ పర్యటన రద్దయింది. ఆ ఖాళీని విజ్జీ తన జట్టుతో నింపాడు. భారతదేశమూ సిలోనూ తిరిగే పర్యటన ఒకటి తలపెట్టి, జాక్ హాబ్స్‌నూ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ రప్పించాడు. హాబ్స్ అంతకుముందు ఇలాంటి ఆహ్వానాలు ఐదు తోసిపుచ్చాడు. ఆ డిసెంబరులో ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు నిండాయి. ఇంగ్లండు జట్టు ఓపెనర్లిద్దరూ విజయనగరం పేరున్న జట్టుకు ఆడటం, పక్కన సి.కె. నాయుడు, ఇంకా మీసాలు రాని ముస్తాక్ అలీ ఉండటం ఈనాటి ఐపీఎల్ జట్టు ఫొటో చూసినట్టే ఉంటుంది.

ఆ పర్యటన క్రికెట్ లెక్కల్లో ఇప్పటికీ తేలని చిక్కు ఒకటి మిగిల్చింది. హాబ్స్ ఫస్ట్‌క్లాస్ సెంచరీలు 197 అని క్రికెట్ వార్షిక గ్రంథం విజ్డెన్ అంటుంది, 199 అని మరికొందరు గణాంకకారులు అంటారు. ఆ తేడా రెండు సెంచరీలూ విజయనగరం జట్టు తరఫున ఈ పర్యటనలో కొట్టినవే. ఆ మ్యాచ్‌లను ఫస్ట్‌క్లాస్ కింద లెక్కించాలా వద్దా అన్నదే తగాదా. కూలికి ఆడిన మ్యాచ్‌కు ఖాతాలో చోటెక్కడ అన్న ప్రశ్న అప్పట్నుంచే ఉందన్నమాట.

ముస్తాక్ అలీది ఈ జట్టులో మరీ ఆసక్తికరమైన కథ. ఇందోరు కుర్రాడు. హైస్కూల్లో ఉండగానే విజ్జీ కాశీకి పిలిపించి ఆటలో తర్ఫీదు ఇప్పించాడు. 1934లో టెస్టుల్లోకి వచ్చిన ఆ కుర్రాడు 1936లో మాంచెస్టర్‌లో 112 పరుగులు చేసి, విదేశంలో టెస్టు సెంచరీ చేసిన తొలి భారతీయుడయ్యాడు. విజ్జీ తర్వాత వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టన్‌టైన్‌ను కూడా మన దేశానికి రప్పించాడు. కాన్‌స్టన్‌టైన్ అప్పటికి ఇంగ్లండులో నెల్సన్ క్లబ్బుకు లాంకషైర్ లీగ్‌లో జీతానికి ఆడుతున్నాడు. దేశవిదేశాల ఆటగాళ్ళు వేసవిలో లాంకషైర్‌లో, చలికాలంలో సంస్థానాల్లో ఆడుకునే ఒక సంచార వ్యవస్థ అప్పటికే ఏర్పడింది.

ఈ కిరాయి జట్టు ఎంత గట్టిదో ఒక మ్యాచ్ చెబుతుంది. 1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వంలో వచ్చిన ఎంసీసీ ఆ పర్యటన మొత్తంలో ఒక్కసారే ఓడింది. ఓడించింది కాశీలో విజయనగరం జట్టు, 14 పరుగుల తేడాతో. అంతటి దక్షుడైన నిర్వాహకుడు బ్యాటు పట్టుకున్న నాయకుడిగా తేలిపోయాడు. 1936లో ఇంగ్లండుకు వెళ్ళిన భారత జట్టుకు విజ్జీయే కెప్టెన్. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్, మొత్తం 33 పరుగులు, సగటు 8.25. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మధ్యలోనే ఇంటికి పంపేశారు. జట్టు రెండు టెస్టులు ఓడి, ఒకటి డ్రా చేసుకుంది. తర్వాత విచారించిన బోమాంట్ కమిటీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. ఆయన గురించి చెప్పే ఎగతాళి కథల్లో చాలావరకు ఈ పర్యటనవే. న్యాయంగా చెప్పాలంటే ఆటగాళ్ళను గుర్తించి రప్పించడంలో ఆయన కన్ను గొప్పది, తనను తాను అంచనా వేసుకోవడంలోనే ఆ కన్ను పనిచేయలేదు. 1954 నుంచి 1957 దాకా క్రికెట్ బోర్డు అధ్యక్షుడిగా ఉండి, రేడియోలో వ్యాఖ్యానాలు చెప్పి, 1965లో కాశీలోనే కన్నుమూశాడు. విశ్వవిద్యాలయాల జట్లు ఆడే విజ్జీ ట్రోఫీ ఆయన పేరిటిదే.

నాయుడు సోదరులు

సి.కె. నాయుడును దేశం తొలి టెస్టు కెప్టెన్‌గా గుర్తుపెట్టుకుంది. తన కాలంలో ఆయన ఎన్ని జట్ల చొక్కాలు తొడిగాడో మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. 1895 అక్టోబరు 31న నాగపూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టాడు. 1916లో హిందూస్ జట్టుతో ఫస్ట్‌క్లాస్ ఆట మొదలెట్టాడు. 1923లో తుకోజీరావు హోల్కర్ పిలిచి ఇందోరు సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చాడు. ఆ కాలపు కాంట్రాక్టు అది. ఆటకు జీతం ఇస్తున్నామని ఎవరూ అనరు. కొలువు ఇస్తారు, గుర్రం ఇస్తారు, శనివారం మైదానానికి పంపుతారు. 1926లో బొంబాయిలో ఎంసీసీ మీద రెండు గంటల లోపే 153 కొట్టి, అందులో 11 సిక్సర్లు బాదింది ఈ కొలువు ఉద్యోగే.

హోల్కర్ జట్టు ఆయన కింద నాలుగుసార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఇది ఒక ఊరి ఆటగాళ్ళ జట్టు అనుకుంటే పొరపాటు. ముస్తాక్ అలీ ఇందోరువాడే గానీ, చందూ సర్వటే, భావూసాహెబ్ నింబాల్కర్‌లాంటివాళ్ళు బయటినుంచి వచ్చినవాళ్ళు. 1944-45 ఫైనల్లో అయితే యుద్ధం పుణ్యమా అని మౌ కంటోన్మెంటులో ఉన్న ఇంగ్లండు ఆటగాడు డెనిస్ కాంప్టన్ కూడా హోల్కర్ తరఫున దిగి 249 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. అయినా బొంబాయి గెలిచింది.

ఇప్పుడు ఆంధ్ర సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, ఆ ఏడే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. తొలి సీజన్ నాయకత్వానికి పిలిచింది సి.కె.నే. అప్పటికి ఆయనకు 58 ఏళ్ళు. పుట్టింది నాగపూరు, ఉద్యోగం ఇందోరు. కొత్త రాష్ట్రానికి తెలుగు కెప్టెన్ కావాలి గనుక వచ్చాడు. అక్కడితో ఆగాడా అంటే లేదు. 1956-57లో ఉత్తరప్రదేశ్ జట్టుకు 61 ఏళ్ళ వయసులో కెప్టెన్‌గా రంజీ ఆడాడు. చివరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ 1963-64లో, 68 ఏళ్ళ వయసులో. అండర్-23 కుర్రాళ్ళు ఆడే టోర్నీకి ఆయన పేరు పెట్టడంలో బోర్డు ఉద్దేశం ఏదైనా, అందులో ఒక చమత్కారం ఉంది.

అసలు సిసలు పలు జట్ల ఆటగాడు ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు. 1914లో పుట్టాడు, లెగ్‌స్పిన్ వేసేవాడు, పదిహేడేళ్ళకే ఫస్ట్‌క్లాస్‌లోకి వచ్చి ముప్ఫయ్యేళ్ళు ఆడాడు. సెంట్రల్ ఇండియా, బరోడా, హోల్కర్, బెంగాల్, ఆంధ్ర, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్: దేశపటం మీద గీత గీస్తే ఉత్తరం, పడమర, తూర్పు, దక్షిణం నాలుగూ కలుస్తాయి. 1942-43లో బరోడాకు ఆడుతూ ఒకే రంజీ సీజన్లో 40 వికెట్లు తీశాడు. అంతకుముందు ఆ గీత దాటినవాడు లేడు. పైన చెప్పిన 1944-45 ఫైనల్లో హోల్కర్ తరఫున ఒక్క మ్యాచ్‌లోనే 917 బంతులు వేశాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అది ఇప్పటికీ రికార్డే. 152 ఓవర్ల పైచిలుకు!  ఫలితం 11 వికెట్లు, ఇచ్చిన పరుగులు 428, జట్టుకు ఓటమి.

ఫస్ట్‌క్లాస్‌లో అతని వికెట్లు ఆరువందలు దాటాయి. టెస్టుల్లో? 1934 నుంచి 1952 దాకా పదకొండు టెస్టులు ఆడి రెండే వికెట్లు, ఒక్కోదానికి 179.50 పరుగుల చొప్పున. ఇంగ్లండుకు రెండుసార్లు, ఆస్ట్రేలియాకు ఒకసారి వెళ్ళాడు. టెస్టు అంకెలు చూసినవాడు ఇతన్ని ఎవరు ఎంపిక చేశారని అడుగుతాడు, రంజీ అంకెలు చూసినవాడు ఎందుకు వదిలేశారని అడుగుతాడు. ఇద్దరి ప్రశ్నా సబబే. పలు జట్ల ఆటగాడి జీవితం ఈ రెండు పట్టికల మధ్యలో ఉంటుంది. సి.ఎస్. 2002లో ఇందోరులో పోయాడు. అన్నగారి మీద వచ్చిన రాతలతో పోలిస్తే ఇతని మీద రాసింది పిసరంత.

అతిథి ఆటగాళ్ళు

సంస్థానాలు పోయాయి, కొలువులు పోయాయి. వాటి స్థానంలో బోర్డు నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు ఒక రాష్ట్ర జట్టు ముగ్గురి దాకా బయటి ఆటగాళ్ళను తీసుకోవచ్చు. సొంత సంఘం నుంచి నిరభ్యంతర పత్రం, ఆటగాళ్ళ భాషలో ఎన్‌ఓసీ, తెచ్చుకోవాలి. సీజన్ మొదలయ్యే ముందు ఎన్‌ఓసీల కోసం తిరగడం, ఏ సంఘానికి ఎవరు కావాలో ఆరా తీయడం, పాత కోచ్‌లకు ఫోన్లు చేయడం వీళ్ళ జీవితంలో ఆటంత ముఖ్యమైన భాగం. తీసుకునే జట్టు ఎక్కువగా బలహీనమైనదే అయి ఉంటుంది. దానికి అనుభవం కావాలి, ఇతనికి చోటు కావాలి.

ఈ ఏర్పాటు ఎంత పని చేస్తుందో రాజస్థాన్ చూపించింది. హృషికేశ్ కనిట్కర్ కెప్టెన్‌గా, ఆకాశ్ చోప్రా, రష్మీ పరీడా తోడుగా, ముగ్గురూ బయటివాళ్ళే, 2010-11లో కింది శ్రేణి నుంచి పైకి వచ్చి రంజీ గెలిచింది. మరుసటి ఏడు మళ్ళీ గెలిచింది. విదర్భకు వసీం జాఫర్ చేసిందీ అదే: 2017-18, 2018-19, వరసగా రెండు ట్రోఫీలు.

ఉత్తరాంధ్ర నుంచి ఈ దారిలో నడిచినవాళ్ళలో విశాఖ కుర్రాడు వై. వేణుగోపాలరావు ముందుంటాడు. 2000లో కైఫ్ నాయకత్వంలో అండర్-19 ప్రపంచకప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. దులీప్ ట్రోఫీలో ఇంగ్లండ్-ఎ మీద సౌత్‌జోన్ 501 పరుగుల లక్ష్యాన్ని ఛేదించినప్పుడు 228 కొట్టి నాటౌట్‌గా నిలిచింది అతనే. ఆ ఇన్నింగ్స్ ఒక్కటీ ఇంకొకడి జీవితాన్ని మార్చేసేది. 2005 జూలైలో దంబుల్లాలో వన్డేల్లోకి వచ్చి పదహారు మ్యాచ్‌లు ఆడాడు. ధోనీ, రైనా, యువరాజ్, కైఫ్ ఉన్న మధ్యవరసలో అతనికి దొరికిన సందు చిన్నది. తర్వాత ఆంధ్రతో పాటు మహారాష్ట్ర, రాజస్థాన్, గుజరాత్ జట్లకు ఆడాడు. ఐపీఎల్‌లో దక్కన్ చార్జర్స్‌తో 2009 కప్పు గెలిచి, ఢిల్లీకి, ఆపై సన్‌రైజర్స్‌కు మారాడు. 2019లో రిటైరై తెలుగు వ్యాఖ్యానంలోకి వచ్చాడు, 2024లో ఢిల్లీ క్యాపిటల్స్‌కే క్రికెట్ డైరెక్టర్ అయ్యాడు. ఇన్ని డ్రెస్సింగ్ రూములు చూసినవాడికి ఆటగాళ్ళను ఎంచే పని అప్పగించడంలో తర్కం ఉంది.

అంబటి రాయుడిది ఇంకో రకం. హైదరాబాద్, ఆంధ్ర, మళ్ళీ హైదరాబాద్, బరోడా, విదర్భ, తిరిగి హైదరాబాద్, తిరిగి ఆంధ్ర. మధ్యలో బోర్డు గుర్తించని ప్రైవేటు లీగ్ ఐసీఎల్. దేశవాళీలో ఇలా తిరిగినవాడు ఐపీఎల్‌లో రెండే జట్లకు ఆడి ఆరు కప్పులు గెలిచాడు, వన్డేల్లో 47 సగటు నిలిపాడు. అతని కోపం, అతని రిటైర్‌మెంట్లు అందరికీ గుర్తు. ఆ తిరుగుడుకు కోపమొక్కటే కారణం అనుకోవడం తేలిక. రాష్ట్ర సంఘాల్లో పడకపోతే ఆటగాడికి వేరే దారి ఏముందో కూడా చూడాలి.

రెండో కీపర్

కోన శ్రీకర్ భరత్ ఈ వృత్తికి మన కాలపు నిండు నమూనా. విశాఖలో 1993లో పుట్టాడు. 2015లో ఒంగోలులో గోవా మీద 308 కొట్టాడు. రంజీలో ఒక వికెట్‌కీపర్ చేసిన తొలి ట్రిపుల్ సెంచరీ అది. ఆ ఏడే ఐపీఎల్ వేలంలో ఢిల్లీ అతన్ని కొంది. ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. తొలి మ్యాచ్ అవకాశానికి ఆరేళ్ళు పట్టింది. 2021లో బెంగళూరు 20 లక్షలకు తీసుకుంది. ఆ అక్టోబరులో దుబాయ్‌లో ఢిల్లీ మీద ఆఖరి బంతికి ఆవేశ్ ఖాన్‌ను సిక్సర్ కొట్టి, 78 నాటౌట్‌తో గెలిపించాడు. దాంతో ఢిల్లీకే 2022లో అతను రెండు కోట్ల ఆటగాడయ్యాడు. ఆడిన మ్యాచ్‌లు రెండు. 2023లో గుజరాత్ టైటన్స్ కోటీ ఇరవై లక్షలు, 2024లో కోల్‌కతా యాభై లక్షలు. కోల్‌కతా ఆ ఏడు కప్పు గెలిచింది, అతను ఒక్క మ్యాచ్ ఆడలేదు. ఐపీఎల్ మొత్తంలో అతని మ్యాచ్‌లు పది.

రెండో కీపర్ పని ఎలా ఉంటుందో 2021 నవంబరు 27న కాన్పూరులో కనిపించింది. న్యూజిలాండ్‌తో టెస్టు మూడో రోజు. వృద్ధిమాన్ సాహా మెడ పట్టేసి లేవలేకపోయాడు. అంపైర్ల అనుమతితో బదులు ఆటగాడు గ్లవ్స్ తొడుక్కోవచ్చని 2017లో నిబంధన మారింది, అందుకని భరత్ దిగాడు. పిచ్ మీద బంతి లేవడం లేదు. అశ్విన్ వేసిన బంతి విల్ యంగ్ బ్యాటును చాలా కింద తాకి వచ్చింది. భరత్ వంగి మోకాళ్ళ కింద అందుకున్నాడు. అంపైర్ తల అడ్డంగా ఊపాడు. భరత్ మాట మీద రివ్యూ తీసుకున్నారు, యంగ్ 89 దగ్గర వెళ్ళిపోయాడు. తర్వాత అక్షర్ బౌలింగ్‌లో రాస్ టేలర్ క్యాచ్. ఆపై సెంచరీకి ఐదు పరుగుల దూరంలో ముందుకొచ్చిన టామ్ లేథమ్ స్టంపింగ్. మూడు పెద్ద వికెట్లు. స్కోరుకార్డులో మూడు చోట్లా 'సబ్' అనే ఉంటుంది, పక్కన బ్రాకెట్లలో పేరు. ఆ రోజుకు అతని టెస్టుల సంఖ్య సున్నా.

అసలు టోపీ 2023 ఫిబ్రవరిలో నాగపూరులో అందింది, అదీ రిషభ్ పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాక. ఇంకొకడి దురదృష్టం మీద తన అదృష్టం ఆధారపడటం ఈ వృత్తిలో తప్పని ఇబ్బంది. భరత్ ఏడు టెస్టులు ఆడాడు, ఓవల్‌లో ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌తో కలిపి. మొత్తం 221 పరుగులు, అత్యధికం 44. చివరిది 2024 ఫిబ్రవరిలో సొంత ఊరు విశాఖలోనే, ఇంగ్లండు మీద: 17, 6. తర్వాతి టెస్టుకు రాజ్‌కోట్‌లో ధ్రువ్ జురెల్ వచ్చాడు. రెండు టెస్టుల్లో జురెల్ చోటు ఖాయమైంది. కీపింగ్‌లో భరత్ తీసికట్టని ఎవరూ అనలేదు. పంత్ తర్వాత కీపర్ నుంచి పరుగులు కోరే కాలం వచ్చింది, ఆ కొలతలో అతను తూగలేదు. ఆ తీర్పు కఠినమే గానీ అన్యాయం కాదు.

రెండోవాడి రోజు మొదటివాడి రోజు కన్నా పొడుగు. మొదటి కీపర్ మ్యాచ్‌కు ముందు రోజు విశ్రాంతి తీసుకుంటే నెట్స్‌లో బౌలర్లందరికీ వికెట్ల వెనక కూచునేది ఇతనే. స్పిన్నర్ కొత్త బంతి ఏదో ప్రయత్నిస్తుంటే మొదట చదవాల్సిందీ ఇతనే. మ్యాచ్ రోజున డ్రింక్స్, గ్లవ్స్, కబుర్లు మోసుకెళ్ళడం సరేసరి. 2019 నుంచి తలకు దెబ్బ తగిలితే బదులు ఆటగాణ్ణి దించవచ్చు కాబట్టి, ఏ నిమిషాన పిలుపు వస్తుందో తెలియదు. 2023 ఐపీఎల్‌లో, అహ్మదాబాదులో లక్నోతో ఆడిన మ్యాచ్‌లో, గుజరాత్ మొదటి కీపర్ సాహా కంగారులో ప్యాంటు వెనక్కి ముందుకు తొడుక్కుని మైదానంలోకి వచ్చిన దృశ్యం అందరూ చూసి నవ్వుకున్నారు. అతని బదులు దిగడానికి సిద్ధమై గీత దగ్గర నిలబడింది భరతే.

ఐపీఎల్‌లో ఇలా తిరగడం అవమానం కాదని ప్రపంచానికి చూపింది ఆస్ట్రేలియా మాజీ కెప్టెన్ ఆరన్ ఫించ్. తన దేశానికి టీ20 ప్రపంచకప్పు గెలిపించిన కెప్టెన్ ఐపీఎల్‌లో తొమ్మిది జట్లకు ఆడాడు. జయదేవ్ ఉనద్కత్ కూడా అదే బాటలో ఉన్నాడు. మూడేళ్ళకోసారి పెద్ద వేలం, మధ్యలో చిన్న వేలాలు, కనీస ధర, చేతిలో మిగిలిన డబ్బు: ఆటగాడి ఫామ్‌తో పాటు ఆ రోజు ఆ బల్ల దగ్గర ఎవరి దగ్గర ఎంత మిగిలిందన్నదీ అతని ఊరిని నిర్ణయిస్తుంది. విజ్జీ కాలంలో ఒక్క మనిషి మెచ్చితే చాలేది. ఇప్పుడు పది బల్లలున్నాయి, ఒక్కటైనా చెయ్యెత్తాలి. కబడ్డీలోనూ ఇదే పద్ధతి. తెలుగు టైటన్స్‌కు ముఖచిత్రంలా ఉన్న రాహుల్ చౌదరి తర్వాత తమిళ్ తలైవాస్, పుణేరి పల్టన్, జైపూర్ జట్లు తిరిగాడు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు

ఈ రెండు జిల్లాల్లో వలస అనేది ఆటగాళ్ళకే ప్రత్యేకమైనది కాదు. ఇక్కడి క్రీడాకారుల ఆటజీవితం కూడా వలస దారిలోనే సాగింది. జట్టు ఆటల కంటే బరువులెత్తే ఆటలో ఇది స్పష్టంగా కనబడుతుంది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి అక్కడే నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులు పట్టడం నేర్చుకుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఉద్యోగం భారత ఆహార సంస్థలో, కాపురం హర్యానా యమునానగర్‌లో. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయింది. విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అయితే ఊరికి ఊరే బరువుల ఊరు. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికాక అది రజతమైంది. ఇక్కడి పిల్లలకు బరువు ఎత్తడం వెనక రైల్వే, సైన్యం ఉద్యోగాల లెక్క ఎప్పుడూ ఉంటుంది. జెర్సీ మీద ఏ పేరుందన్నది నెలజీతం ఎవరిస్తారన్నదాన్ని బట్టి తేలుతుంది, సి.కె. నాయుడికి హోల్కర్ సైన్యంలో తేలినట్టే.

విజయనగరంలో డాక్టర్ పి.వి.జి. రాజు పేరుతో ఆంధ్ర క్రికెట్ సంఘం మైదానం ఉంది. పి.వి.జి. రాజు విజ్జీకి అన్నకొడుకు. విజ్జీ జట్టు కాశీలో ఆడింది గానీ, రంజీ మ్యాచ్‌లు ఇప్పుడు విజయనగరంలోనే పడుతున్నాయి. బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన అతిథి ఆటగాళ్ళూ ఆ పిచ్ మీద ఆడి వెళ్తున్నారు.

కాకినాడలో పుట్టిన హనుమ విహారి ఈ వరసలో తాజా పేరు. హైదరాబాద్‌తో మొదలుపెట్టి 2016లో ఆంధ్రకు వచ్చాడు, మధ్యలో మళ్ళీ హైదరాబాద్, మళ్ళీ ఆంధ్ర. ఇంగ్లండులో వార్విక్‌షైర్‌కు, ఢాకాలో అబహానీ క్లబ్బుకు కూడా ఆడాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసిన కాలితో 161 బంతులు నిలబడి 23 పరుగులతో టెస్టు కాపాడాడు. 2023లో ఇందోరులో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్‌ఫైనల్లో మణికట్టు విరిగాక ఎడమచేతి వాటంగా తిరిగి ఒంటిచేత్తో ఆడాడు. 2024లో ఆంధ్ర సంఘంతో బహిరంగంగా గొడవపడ్డాడు. 2025-26 సీజన్‌కు ఎన్‌ఓసీ తీసుకుని త్రిపుర జట్టులో చేరాడు. అదే సీజన్‌కు తమిళనాడు నుంచి విజయ్ శంకర్ కూడా అదే జట్టుకు వెళ్ళాడు.